కంతులు కడుతుండగా కారు ఆగిపోతే: ఒడిశా సరిహద్దు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

పాత బాకీలన్నీ ఒక దారికి తెచ్చుకుని, బ్యాంకుతో మాట్లాడుకుని, నెలకింత అని కడుతున్న ఇల్లు. అలాంటి ఇంట్లో కారు మూలపడితే ముందు తట్టేది కొత్త అప్పే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉండే మనవాళ్లకి కారు షోకు కోసం కాదు. పెద్దాసుపత్రి బరంపురంలోనో విశాఖలోనో ఉంటుంది. చుట్టాలు పార్వతీపురం, పాతపట్నం, ఇచ్ఛాపురాల్లో ఉంటారు. సాయంత్రం దాటితే బస్సు దొరకదు. అందుకే మెకానిక్ చెప్పిన అంకె వినగానే ఎవరో ఒకరి దగ్గర చేయి చాపేస్తాం.

నేను చెప్పదలిచింది ఒక్కటే. ముందు బిల్లును ముక్కలు చెయ్యండి, కంతు జోలికి తర్వాత వెళ్లండి. మన దగ్గర ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. కంతు డబ్బు తీసి బిల్లు మొత్తం కట్టేస్తారు. వచ్చే నెల రెండు కంతులు మీద పడతాయి, అప్పుడు రోజువారీ ఫైనాన్సు వాడి గుమ్మం ఎక్కుతారు. ఏడాది పాటు కష్టపడి దిద్దుకున్న లెక్క రెండు నెలల్లో చెడిపోతుంది.

బండి ఆగిన చోటనే ఖర్చు తగ్గించుకోండి

రిపేరు ఖర్చులో పెద్ద వాటా చాలాసార్లు షెడ్డులో కాదు, రోడ్డు మీదే తయారవుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే 26వ నెంబరు జాతీయ రహదారి తెలిసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత వైపు పోతుంటే "పైకి ఎక్కాక చూద్దాం" అనుకోవద్దు. ఏసీ కట్టేసి, చోటు చూసి పక్కకి తీసి ఇంజిన్ ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత విప్పొద్దు, మొహం కాలుతుంది. చిట్లింది వందల రూపాయల రబ్బరు గొట్టమే అయినా, అలాగే నడిపితే హెడ్ గాస్కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది. అప్పుడు లెక్క వేలల్లో. ఆయిల్ దీపం ఎర్రగా వెలిగినా అంతే, ఆ తర్వాత ఒక్క కిలోమీటరు కూడా వద్దు.

వానాకాలంలో నాగావళి, వంశధార పొంగినప్పుడు నీళ్లలో బండి ఆగితే తాళం మళ్లీ తిప్పకండి. ఇంజిన్‌లోకి నీరు లాగితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు ఫుల్ ఇన్సూరెన్సు కూడా ఆ నష్టానికి డబ్బివ్వదు, దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా ఉండాలి.

జాతీయ రహదారి మీదైతే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యండి. పాలసీ కాగితంలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి. ఉండీ వాడుకోనివాళ్లే ఎక్కువ. రెండూ అందకపోతే లాక్కెళ్లే బండివాడితో హుక్కు తగిలించక ముందే రేటు, ఏ షెడ్డు దాకా అన్నది మాట్లాడుకోండి. తగిలించాక బేరం ఉండదు.

షెడ్డులో అడగాల్సినవి

"ఎంతవుద్ది మేస్త్రీ?" అంటే "ఓ ముప్పై అనుకోండి బాబూ" అంటాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి రావద్దు. కాగితం మీద విడివిడిగా రాయించుకోండి: ఏ సామాను, ఎంత, కంపెనీదా లోకల్‌దా, కూలి ఎంత, జీఎస్టీ కలిపా విడిగానా. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా సామాన్లకి 28 ఉండేది. పాత రేటు లిస్టు చూసి చెబుతున్నాడేమో అడగండి.

అదే కాగితం ఇంకో షెడ్డులో చూపించండి. సరిహద్దున ఉండడం వల్ల మనకి కలిసొచ్చేది ఇదే. గుణుపురం వాళ్లకి పార్వతీపురం, పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం, కోరాపుట్ వాళ్లకి సాలూరు. సాలూరు లారీల ఊరు, అక్కడ ఇంజిన్ పని తెలిసినవాళ్లకి కరువు లేదు. కానీ లారీ పని వేరు, కొత్తరకం కార్లలో సెన్సార్ల పని వేరు. చెక్ ఇంజిన్ దీపం వెలిగిన బండికి స్కానర్ ఉన్న షెడ్డే కావాలి. ఊహ మీద సామాను మార్చుకుంటూ పోయే షెడ్డులో మీ డబ్బుతో వాళ్లు పని నేర్చుకుంటారు. స్కానింగ్‌కి కొన్ని వందలు పెట్టి, లోపం ఎక్కడుందో చూపే కోడ్ రాయించుకుంటే ఆ చీటీ పట్టుకుని ఏ షెడ్డుకైనా వెళ్లొచ్చు.

"ఇప్పుడు చెయ్యకపోతే ఏమవుద్ది?" ఈ ప్రశ్న ప్రతి వస్తువు దగ్గరా అడగండి. మంచి మేస్త్రీ నిజం చెబుతాడు. "ఇది ఆరు నెల్లు ఆగుద్ది, ఇది మాత్రం ఆగదు" అని వేలు పెట్టి చూపిస్తాడు. అన్నీ అర్జెంటే అన్నవాడి దగ్గర బండి పెట్టకండి.

ఆ డబ్బు మీరే కట్టాలా?

జేబులో చెయ్యి పెట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

బ్యాటరీ పోతే వారంటీ కార్డు వెతకండి. చాలా బ్యాటరీలకి మొదట కొన్ని నెలలు ఉచితంగా మార్చే హామీ, ఆ తర్వాత ధరలో తగ్గింపు ఇచ్చే కాలం ఉంటాయి. కార్డు, బిల్లు ఉంటే చాలు. ఈ మధ్య మార్చిన సామానే మళ్లీ పోయిందంటే పాత బిల్లు తీసుకుని అదే షెడ్డుకి వెళ్లండి. కంపెనీ ఏదైనా లోపానికి రీకాల్ ప్రకటించి ఉంటే ఆ పని ఉచితం. చాసిస్ నెంబరు చెబితే షోరూంలో చూసి చెబుతారు, బండి పాతదైనా సిగ్గుపడక్కర్లేదు.

ఇన్సూరెన్సు దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా పొరబడతారు. క్లచ్ పోయినా, ఏసీ పోయినా క్లెయిమ్ వస్తుందనుకునేవాళ్లు కొందరు. అరుగుదల, యంత్రలోపం పాలసీలో ఉండవు. ప్రమాదం, తుపాను, వరద, మంటలు, దొంగతనం ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి, శ్రీకాకుళం జిల్లాల్ని ఎలా ఊడ్చిందో చూశాం కదా. చెట్టు కూలి కారు నలిగితే అది క్లెయిమే, థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకి మాత్రం పైసా రాదు. రెండో రకంవాళ్లు ప్రతి గీతకీ క్లెయిమ్ పెట్టేస్తారు. దీనికో లెక్క ఉంది.

బంపర్ 5,000, కూలి 1,500 అనుకోండి. ప్లాస్టిక్ సామానుకి మామూలు పాలసీలో 50 శాతం తరుగు కోస్తారు, బంపర్‌కి వచ్చేది 2,500. కూలి కలిపితే 4,000. చిన్న కారుకి తప్పనిసరి కోత 1,000 పోతే చేతికొచ్చేది 3,000. మూడేళ్లుగా క్లెయిమ్ లేకుండా వచ్చిన మనిషైతే ఇప్పుడు 35 శాతం నో క్లెయిమ్ బోనస్‌లో, అంటే ప్రీమియంలో అంత తగ్గింపులో ఉంటాడు, వచ్చే ఏడు అది 45 అవుతుంది. సొంత నష్టం ప్రీమియం 8,000 అయితే ఆ 45 శాతం విలువ 3,600. క్లెయిమ్ పెడితే అది సున్నా అవుతుంది, మళ్లీ 20 శాతం నుంచి మొదలు. మూడు వేల కోసం మూడువేల ఆరొందలు పోగొట్టుకున్నట్టు. పెద్ద దెబ్బకే క్లెయిమ్. పెట్టేటప్పుడు సర్వేయరు చూడక ముందు బండి విప్పించొద్దు.

డబ్బు కటకటలో ఉన్నప్పుడు ఇన్సూరెన్సు రెన్యువల్ వాయిదా వేద్దామనిపిస్తుంది. వెయ్యకండి. ఇన్సూరెన్సు లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 జరిమానా. గడువు దాటి 90 రోజులైతే బోనస్సూ పోతుంది. ఇవి రెండూ చిన్నవే. ఎవరికైనా గుద్దితే పడే పరిహారం ముందు మీ అప్పుల ప్లాను మొత్తం చిన్న లెక్కే.

బిల్లును మూడు కుప్పలు చెయ్యడం

ఇది కొంచెం నిదానంగా చూద్దాం. ఒక పాత డీజిల్ కారుకి షెడ్డు ఇచ్చిన అంచనా ఇలా ఉందనుకోండి. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి, మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి.

క్లచ్ సెట్ 7,800
క్లచ్ కూలి 3,500
ముందు షాక్ అబ్జార్బర్లు రెండు 6,400
లోయర్ ఆర్మ్ బుష్‌లు 1,600
ఏసీ పని 5,200
ఆయిల్, ఫిల్టర్లు, సర్వీసింగ్ 3,900
సొట్టలు, రంగు 3,000
మొత్తం 31,400

ఇంటికి నెలకి వచ్చేది 38,000. అప్పు కంతు 13,000. ఇల్లు గడవడానికి 20,000. మిగిలేది 5,000. ఆ 5,000 పక్కన 31,400 పెట్టి చూస్తే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ఇంట్లో గొలుసు తాకట్టు మాట అప్పుడే వస్తుంది.

ఇప్పుడు విడగొట్టండి. బండి కదలడానికి కావాల్సింది క్లచ్. ప్రాణానికి ముప్పు తెచ్చేవి బుష్‌లు. బాగా అరిగి మోగుతుంటే స్టీరింగు పట్టు తప్పుతుంది, మలుపుల రోడ్డులో ఆగకూడదు. ఈ కుప్ప 12,900. షాక్ అబ్జార్బర్ ఆయిల్ కారడం మొదలైంది గానీ బండి ఊగిపోవడం లేదు, సర్వీసింగ్‌కి ఇంకా రెండు వేల కిలోమీటర్లు ఉంది. ఇవి మూడు నెలల లోపు చెయ్యాల్సినవి: 10,300. ఏసీ, రంగు కలిపి 8,200. వీటికి తొందర లేదు. రాయగడలో మే నెలలో ఏసీ లేకుండా కారు నడపడం నరకమే, ఒప్పుకుంటాను, కానీ దానికి నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టేంత నరకం కాదు.

12,900కి ఈ నెల మిగిలే 5,000 ఉంది. ఇంటి ఖర్చులో ఒక్క నెలకి 2,000 తగ్గించండి. మొత్తం ఏడు వేలు షెడ్డుకి ముందు కట్టి, మిగతా 5,900 వచ్చే నెల ఇస్తానని మాట్లాడుకోండి. అందులో 5,000 వచ్చే నెల మిగులులోంచి వస్తుంది, తొమ్మిది వందలు ఎలాగోలా సర్దుకుంటారు. అక్కడితో అప్పు లేదు, తాకట్టు లేదు, కంతు తప్పలేదు. ఆ పై రెండు నెలల మిగులు 10,000, మరో మూడొందలు వేస్తే రెండో కుప్ప తీరిపోతుంది. అయితే షాక్ అబ్జార్బర్లు ఆలోపు మోగడం మొదలెడితే వరస మార్చి ముందు వాటినే చేయించండి.

ఏది ఏ కుప్పలో పడుతుందన్న దగ్గర మొహమాటం వద్దు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, ఇంజిన్ వేడి, ఆయిల్ లీకు ఎప్పుడూ మొదటి కుప్పే. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టప్రకారం కూడా అది రోడ్డు మీదికి రాకూడదు. టైమింగ్ బెల్టు ఉన్న బండికి గడువు దాటిపోతే దాన్నీ ఇందులోనే వెయ్యండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగి, పెద్ద బిల్లు వస్తుంది.

మీ ప్లాను ఏ రకమో తెలుసుకోండి

అలా విడగొట్టినా డబ్బు చాలని సందర్భాలు ఉంటాయి. ఇంజిన్ దించాల్సి వచ్చినా, గేర్‌బాక్సు పోయినా మొదటి కుప్పే ముప్పై వేలు దాటుతుంది. అప్పుడు కంతు వైపు చూడక తప్పదు. అన్ని కంతులూ ఒకటి కావు.

వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే బాకీలో కొంత మాఫీ చేయించుకుని మిగతాది కట్టే రాజీ చేసుకుని, ఆ మొత్తాన్ని వాయిదాల్లో కడుతున్నవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాలి. సెటిల్‌మెంట్ ఉత్తరంలో ఒక షరతు ఉంటుంది: గడువు తప్పితే ఇచ్చిన మాఫీ రద్దు, కట్టింది పాత బాకీలో జమ. లక్ష మాఫీ అయిన మనిషి పది వేల వాయిదా తప్పి ఆ లక్షా మళ్లీ నెత్తికెత్తుకోవచ్చు. ఈ వాయిదాని కారు కోసం ఆపనే ఆపొద్దు, అవసరమైతే బండి నెల రోజులు షెడ్డులోనే ఉంచండి. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డవాళ్లదీ ఇదే స్థితి. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

బ్యాంకు లోనును రీషెడ్యూల్ చేయించుకున్నవాళ్లకి కొంచెం ఊపిరి ఉంది. గడువు దాటిన రోజు నుంచే ఖాతా మీద బాకీ పడ్డట్టు గుర్తు పడుతుంది, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అందుకని మూడు నెలలు ఉన్నాయని ధీమా పడొద్దు. ఒకసారి సర్దుబాటు చేసిన ఖాతా మళ్లీ జారితే రెండోసారి సర్దుబాటు దొరకడం కష్టం. కంతు తప్పడం కంటే తేదీ మార్పించుకోవడం మేలు.

గ్రూపు లోను సంగతి వేరు. ఇటు ఒడిశాలో మిషన్ శక్తి, అటు ఆంధ్రాలో డ్వాక్రా. మీ వాయిదా ఆగితే బ్యాంకు మిమ్మల్ని అడగదు, గ్రూపుని అడుగుతుంది. పక్కింటావిడ మీ కారు కోసం తన పొదుపులోంచి కట్టాల్సి వస్తుంది. డబ్బు వడ్డీ లేకుండా సర్దినా మాట మాత్రం మిగిలిపోతుంది. గ్రూపు మీటింగులో ముందే చెప్పి, గ్రూపు సొంత నిధిలోంచి చిన్న అప్పు అడగడం మంచి దారి.

అవతల ఒక చేబదులు తీర్చాల్సి ఉంటే, అది అయినవాళ్లదైతే, ఆలస్యం చెయ్యగలిగేది ముందుగా అదే. కాకపోతే ముందుగా చెప్పాలి. తోడల్లుడికి ఫోన్ చేసి "ఈ నెల కారు పడిపోయింది, వచ్చే నెల రెండూ ఇస్తాను" అంటే అర్థం చేసుకుంటాడు. చెప్పకుండా ఫోన్ ఎత్తకపోతే అర్థం చేసుకోడు.

బ్యాంకుకి వెళ్లేటప్పుడు

గడువు తేదీకి కనీసం పది రోజుల ముందు వెళ్లండి. గడువు దాటాక వెళ్లినవాడు సాకు చెబుతున్నట్టు ఉంటుంది. లోను ఉన్న శాఖకే వెళ్లాలి. ఇల్లు గుణుపురంలో, లోను పార్వతీపురంలో ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. దగ్గరి శాఖలో చెప్పొచ్చాం కదా అనుకుంటే అక్కడి నుంచి ఇక్కడికి ఏ కబురూ రాదు.

తీసుకెళ్లాల్సినవి షెడ్డు అంచనా కాగితం, బండి ఫొటో, గత ఆరు నెలల కంతులు పడ్డ పాస్‌బుక్కు, ఒక ఉత్తరం. శాఖ ఒడిశాలోదైతే ఆ ఉత్తరాన్ని ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి, సారం మాత్రం ఇంత క్లుప్తంగా ఉండాలి:

"నా లోను ఖాతాలో ఇప్పటివరకు కంతులు సక్రమంగా కట్టాను. నేను పనికి వెళ్లే కారు చెడిపోయింది, అంచనా జతచేశాను. 5వ తేదీన పడే కంతును ఈ రెండు నెలలు 20వ తేదీకి మార్చమని, లేదా ఈ నెల సగం, వచ్చే నెల ఒకటిన్నర కట్టనివ్వమని కోరుతున్నాను. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మేనేజరు "అలాగే చూద్దాం లెండి" అంటే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కవేయకండి. ఆయన బదిలీ అయిపోతాడు, సిస్టమ్‌లో పాత తేదీయే ఉంటుంది. నోటి మాట మీద ఖాతా ఖాళీగా ఉంచితే ఆటో డెబిట్ బౌన్స్ అవుతుంది, అప్పిచ్చినవాడూ మీ బ్యాంకూ రెండువైపులా ఛార్జీ వేస్తారు. రాతలో మార్పు చేతికొచ్చే దాకా పాత తేదీకే డబ్బు ఉంచండి.

ఆలస్యమైతే జరిమానా వెయ్యొచ్చు గానీ, 2024 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఆ జరిమానాని అసలుకి కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదు. స్టేట్‌మెంట్ తీసి చూడండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తియ్యకూడదు. ఫిర్యాదు ముందు బ్యాంకుకే రాతలో ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు, వివరాలకి 14448. వ్యవహారం కోర్టు దాకా పోతే జిల్లా న్యాయసేవా సంస్థ ఉంది. మహిళలకి, ఎస్సీ, ఎస్టీ వర్గాలవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం దొరుకుతుంది, ఫోన్ 15100.

డబ్బు తేక తప్పకపోతే ఏ వరసలో

వడ్డీ లేని చోట నుంచి మొదలెట్టండి. జీతం అడ్వాన్సు అడగండి. పేపరు మిల్లులోనో, దామన్‌జోడి, సునాబెడా ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్లు ఉద్యోగుల సహకార సంఘంలో సభ్యులైతే అక్కడా అడగండి. ఆ తర్వాత షెడ్డు అరువు. ఆ తర్వాత గ్రూపు నిధి.

బంగారం లోను దీని తర్వాత. నగ ఇంట్లో ఉండగా రోజువారీ ఫైనాన్సుకి పోవడం తెలివి కాదు. నూటికి నెలకి రూపాయి లెక్కన 25,000 మీద ఆరు నెలలకి వడ్డీ 1,500. నూటికి మూడు లెక్కన అదే డబ్బుకి 4,500. కాకపోతే బంగారం లోనుకి విడిపించే తేదీ ముందే పెట్టుకోవాలి. నెలనెలా వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోతే, గడువుకి అసలు తీరక నగ వేలానికి వెళ్లొచ్చు. ఇంట్లో ఆడవాళ్లకి చెప్పకుండా గొలుసు పట్టుకెళ్లే పని అసలు చెయ్యొద్దు.

రోజువారీ ఫైనాన్సు లెక్క చాలామంది వేసుకోరు. 10,000 అని రాసి 9,000 చేతికిస్తాడు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వెయ్యి రూపాయలే కదా" అనిపిస్తుంది. కానీ తొలిరోజు నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నారు కాబట్టి నిజంగా మీ చేతిలో సగటున ఉండేది అందులో సగమే. ఏడాది వడ్డీగా మారిస్తే అది 78 శాతం దగ్గర తేలుతుంది.

ఫోన్‌లో యాప్ అప్పు గురించి రెండు మాటలే. ఏ లోనుకైనా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో అన్ని ఛార్జీలూ కలిపిన ఏడాది వడ్డీ శాతం ఉంటుంది. అది చూపని యాప్‌ని తీసెయ్యండి. పొరపాటున తీసుకున్నా, కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువు ఉంటుంది. ఆలోగా అసలు, ఆ రోజులకి పడిన వడ్డీ కట్టి బయటపడొచ్చు. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, దాని జోలికి పోవద్దు.

మైక్రోఫైనాన్సు వాళ్లు లోను ఇవ్వలేమన్నారని కోపం తెచ్చుకోకండి. కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదన్న నియమం 2022 నుంచి ఉంది. వాళ్లు కాదన్నారంటే మీ లెక్క అప్పటికే నిండిపోయిందేమో చూసుకోండి.

షెడ్డుతో బేరం, బండి తెచ్చుకోవడం

అరువు కాగితం మీద ఉండాలి. చట్టం ప్రకారం పని చేసిన మెకానిక్‌కి కూలి అందే దాకా బండి తన దగ్గర ఉంచుకునే హక్కు ఉంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను అదే చెబుతుంది. అరువుకి ముందే ఒప్పుకుంటే మాత్రం ఆ హక్కు వర్తించదు. అందుకని "ఇప్పుడు 7,000, వచ్చే నెల 10వ తేదీకి 5,900" అని బిల్లు మీదే రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. మేస్త్రీకీ ధైర్యం, మీకూ ధైర్యం.

సామాను మీరే తెస్తే కొంత మిగులుతుంది. విశాఖ, బరంపురం నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చేస్తుంది. ముందే మేస్త్రీని అడగండి, కొందరు బయటి సామాను వేస్తే పనికి హామీ ఇవ్వరు. క్లచ్, బ్రేకు సామానులో నకిలీలు ఎక్కువ, అక్కడ చవక చూడొద్దు. అద్దాలు, తలుపు హ్యాండిళ్లు, డోర్లు పాతసామాన్ల కొట్టులో తెచ్చినా నష్టం లేదు. బ్రేకు సామాను మాత్రం పాతది వద్దు.

బండి తీసుకునే రోజు మార్చిన పాత సామాను చూపించమనండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట ఎత్తు ఎక్కించి చూడండి. చదును రోడ్డు మీద నిలిచిన క్లచ్ కొండ మీద జారొచ్చు. బిల్లు మీద కిలోమీటర్ల రీడింగ్ రాయించండి, తర్వాత గొడవ వస్తే అదే సాక్ష్యం.

పసుపు నెంబరు ప్లేటు బండివాళ్లకి ఇంకో ఖర్చు ఉంది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆదాయం లేదు. వాళ్లకి వేగంగా పని చేసే షెడ్డు రెండు వేలు ఎక్కువ అడిగినా నాలుగు రోజుల కిరాయి కలిసొస్తుంది. కారు మీదే ఫైనాన్సు ఉంటే ఆ కంతు అన్నిటికన్నా ముందు. అది ఆగితే బాగుచేయించిన బండినే ఎత్తుకుపోతారు.

అమ్మేయాలా?

మొదటి కుప్ప ఒక్కటే బండి అమ్మకపు ధరలో సగం దాటితే, వచ్చే ఏడాదిలో ఇంకో పెద్ద పని కనిపిస్తుంటే, అమ్మే సంగతి ఆలోచించాలి. చెడిపోయిన బండిని ఉన్నదున్నట్టు చూపించి ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగండి. అమ్మిన డబ్బు ప్లానులో వేస్తే కంతు ఎంత తగ్గుతుందో బ్యాంకుని అడిగి అప్పుడు నిర్ణయించండి.

ఒడిశా నెంబరు బండికి ఆంధ్రా కొనుగోలుదారు తక్కువ ధరే అడుగుతాడు, అందులో అన్యాయం లేదు. ఆయనకి ఓడీ 18, ఓడీ 20 బండి అయితే ఇక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, అక్కడ మళ్లీ రిజిస్ట్రేషను, రోడ్డు ట్యాక్సు కట్టాలి. ఒడిశాలోనే కొనేవాడు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. బండి మీద ఫైనాన్సు ఉంటే అది తీర్చి, తీరిపోయిందని చెప్పే ఫారం 35 మీద ఫైనాన్సువాళ్ల సంతకం తెచ్చుకున్నాకే బేరం. తాళాలు ఇచ్చే రోజునే పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పూర్తిచేసి, డెలివరీ చీటీలో తేదీతో పాటు గంట కూడా రాసుకోండి. పేరు మారే దాకా ఆ బండి ఎక్కడ ఏం చేసినా నోటీసు వచ్చేది మీ ఇంటికే.